పొగ బాకీని చెట్టు తీరుస్తుందా?

2012 అక్టోబరులో హైదరాబాదులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సమావేశం జరిగింది. చెట్టూ చేమా, పిట్టా పురుగూ కాపాడే మార్గాలు మాట్లాడటానికి ఎన్నో దేశాల ప్రతినిధులు విమానాల్లో వచ్చారు. విమానం ఎగరాలంటే ఇంధనం మండాలి. మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది భూమిని వేడెక్కించే వాయువు. అంటే మంచి పనికి పెట్టిన సభకైనా పొగ బాకీ తప్పదు. మొక్కలు నాటి ఆ బాకీ తీర్చొచ్చు అంటారు. నిజమేనా? లెక్క వేద్దాం.

మన వాడరేవులో ఒక సభ పెట్టారనుకోండి. గుంటూరు నుంచి 10 బస్సులు వచ్చాయి. రానూపోనూ బస్సుకు 40 లీటర్ల చొప్పున 400 లీటర్ల డీజిల్. లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం 1,080 కిలోలు! లీటరు డీజిలే కిలో తూగదు కదా, ఇంత బరువెట్లా అంటారా? మండేటప్పుడు 12 పాళ్ల కార్బన్ గాలిలోని 32 పాళ్ల ఆక్సిజన్‌తో కలిసి 44 పాళ్లవుతుంది. అదీ కిటుకు.

ఇక చెట్టు సంగతి. ఆకులు ఆ వాయువును పీల్చుకుంటాయి, అందులోని కార్బన్ కర్రగా మారుతుంది. ఎండు కర్రలో దాదాపు సగం కార్బనే. కిలో ఎండు కర్రకు సుమారు 1.8 కిలోల వాయువు కావాలి. కాబట్టి ఈ సభ బాకీ తీరాలంటే 600 కిలోల ఎండు కర్ర పెరగాలి. పొగ ఒక్కపూటలో పోయింది, తీరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. మధ్యలో మేక మేసిందా, బాకీ బాకీగానే ఉంటుంది.

ఏ మొక్క నాటాలి? మన ఇసుకలో సరుగుడు బాగా పెరుగుతుంది, గాలినీ ఇసుకనూ ఆపుతుంది. కానీ అది బయటి నుంచి తెచ్చిన చెట్టు. పైగా వాసాలకూ కట్టెలకూ కొన్నేళ్లకే కొట్టేస్తారు. పొయ్యిలో పెడితే దాచుకున్న వాయువంతా మళ్లీ గాల్లోకే. కానుగ, వేప, పొన్న, తాటి మన నేల చెట్లు. కొట్టకుండా ఉంచితే పదుల ఏళ్లు నిలుస్తాయి.

అందుకే ముందు పొగ తగ్గించాలి. రెండు సగం బస్సుల బదులు ఒక నిండు బస్సు చాలు. తగ్గించలేని దానికే మొక్క. సభవాళ్లు ఫోటో దిగి వెళ్లిపోతారు, బిందె మోసేది ఇక్కడి పిల్లలే. కంచె ఖర్చు, నీళ్ల ఖర్చు సభ పెట్టినవాళ్లే ఇవ్వడం న్యాయం. మన హాస్టలుకు ఎవరైనా మొక్కలు పట్టుకొస్తే, సార్లూ మనమూ ముందుగా ఒక్కటే అడుగుదాం: "మూడు ఎండాకాలాలు వీటికి నీళ్లెవరు పోస్తారండీ?"