కవాటాలకు సొంత బలం లేదు

గుండె బొమ్మ గీయమంటే బడిపిల్లలు కూడా పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు, నడుమ కవాటాలు చకచకా గీసేస్తారు. ఆ బొమ్మతోపాటే ఒక అపోహ కూడా చాలామంది మనసులో పాతుకుపోతుంది: కవాటాలు వాటంతట అవే తెరుచుకుని మూసుకుంటాయని. అసలు కవాటమంటే పలుచని పొరలాంటి రేకులే. వాటిని తెరిచి మూసే కండరమేదీ లేదు. వెనక ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటాయి, ముందు పెరిగితే మూసుకుంటాయి. పనంతా గదులదే.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో స్పందనకు పట్టేది 0.8 సెకను. ఎడమవైపే చూద్దాం. ఊపిరితిత్తుల నుంచి కర్ణికలోకి వచ్చిన రక్తం, తెరిచే ఉన్న మిట్రల్ కవాటం గుండా జఠరికలోకి దిగిపోతూ ఉంటుంది. కర్ణిక ఇంకా ముడుచుకోకముందే జఠరిక ముప్పాతిక వంతు నిండిపోతుంది. చివర్లో కర్ణిక పిండేది ఆ మిగిలిన కాస్తే. కర్ణికను ముడిచిన విద్యుత్ సంకేతమే సుమారు 0.1 సెకను ఆగి జఠరికకు చేరుతుంది. జఠరిక బిగుసుకోగానే లోపలి ఒత్తిడి కర్ణికలోని ఒత్తిడిని మించుతుంది, మిట్రల్ మూతపడుతుంది. కానీ రక్తం వెళ్లాల్సిన బృహద్ధమనిలో అప్పటికే దాదాపు 80 ఒత్తిడి ఉంది (బీపీ చూసినప్పుడు కింద రాసే అంకె అదే). దాన్ని దాటేదాకా, అంటే 0.05 సెకను పాటు, జఠరికకు లోపలికీ దారి లేదు, బయటికీ లేదు. కండరం బిగుస్తూనే ఉంటుంది, రక్తం చుక్క కూడా కదలదు. మొత్తం స్పందనలో నన్ను బాగా ఆకట్టుకునేది ఈ ఘట్టమే. 80 దాటిన మరుక్షణం బృహద్ధమని కవాటం తెరుచుకుని, సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి దూకుతుంది. ఒత్తిడి 120 దాకా వెళ్లి, జఠరిక సడలగానే పడిపోతుంది. ధమనిలోని రక్తం వెనక్కి మళ్లబోతూ ఆ కవాటాన్ని తానే మూసేస్తుంది. స్టెతస్కోపులో వినిపించే ‘లబ్’ మిట్రల్, కుడివైపు త్రిపత్ర కవాటాలు మూసుకున్నప్పటిది, ‘డబ్’ ధమనుల కవాటాలు మూసుకున్నప్పటిది. కుడివైపూ ఇదే వరస, రక్తమూ అంతే. ఊపిరితిత్తుల దాకా పంపడానికి 25 ఒత్తిడి చాలు కాబట్టి అక్కడి గోడ పలుచన.

మరి జఠరిక లోపలి చిన్న కండరాల నుంచి తెల్లని తంతువులు వచ్చి మిట్రల్ అంచులను పట్టుకుని ఉంటాయి కదా, అవి లాగి తెరవవా అని అడగవచ్చు. ఆ కండరాలు బిగిసేది జఠరికతోపాటే, అంటే కవాటం మూసి ఉండాల్సిన వేళ. తెరవడమే వాటి పనైతే వేళ తప్పినట్టే. గాలివానకు గొడుగు తిరగబడినట్టు రేకులు కర్ణికలోకి తిరగబడకుండా పట్టి ఉంచడమే వాటి పని. తంతువు తెగితే రక్తం వెనక్కి కారుతుంది. అసలు సాక్ష్యం కృత్రిమ కవాటాలది. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జన్, ఇంజినీరు లోవెల్ ఎడ్వర్డ్స్‌తో కలిసి రూపొందించిన కవాటాన్ని మిట్రల్ స్థానంలో అమర్చారు. పంజరంలో ఒక బంతి, అంతే. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించగా 1990 నుంచి రోగులకు అమరుస్తున్న కవాటంలోనూ వాలే బిళ్ల ఒకటి ఉంటుంది. నరమూ కండరమూ లేని ఈ వస్తువులు ఏళ్ల తరబడి వేళ తప్పకుండా తెరుచుకుంటున్నాయి. వాటిని పెట్టించుకున్నవారు జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాల్సిందే, నిజమే. ఆ లోపం పదార్థానిది, సూత్రానిది కాదు.

అయితే గదులు బలంగా ఉంటే కవాటం ఎలా ఉన్నా నెట్టుకు రావచ్చా? రాలేమని మన దేశంలో రుమాటిక్ జ్వరం చెబుతోంది. చిన్నప్పటి గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఆ జ్వరం మిట్రల్ రేకులను అతికించేస్తుంది. నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లుండాల్సిన దారి ఒకటిన్నరకో, ఇంకా తక్కువకో కుంచించుకుపోతుంది. కూర్చుంటే బాగానే ఉండే మనిషికి మెట్లెక్కితే ఆయాసం. గర్భిణులకు మరీ కష్టం. ఇలాంటప్పుడు గుండె వేగం పెరిగి, పిండే వ్యవధి కొంచెమే తగ్గుతుంది, నిండే వ్యవధి బాగా తరిగిపోతుంది. 75 దగ్గర సుమారు అర సెకనున్నది, 150 దగ్గర 0.2 సెకను కూడా మిగలదు. ఇరుకు దారిలో అంతలో దిగలేని రక్తం వెనక ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. అందుకే డాక్టర్లు చాలాసార్లు ముందుగా గుండె వేగం తగ్గించే మాత్ర రాస్తారు. దానివల్ల దారి వెంట్రుకవాసి కూడా వెడల్పవదు, రక్తం దిగడానికి వ్యవధి మాత్రం దొరుకుతుంది. దారే వెడల్పు కావాలంటే తొడ దగ్గరి సిర గుండా బెలూన్ పంపి, అతుక్కున్న రేకులను విడదీయాలి.