పాత డీజిల్ మోటర్‌హోమ్: చలిలో ఇంజిన్, బరువు కింద కమాన్లు

ఐరోపాలో ఇప్పటికీ తిరుగుతున్న పాత డీజిల్ మోటర్‌హోముల్లో చాలావాటికి పునాది ఒకే వ్యాను. ఫియట్, పెజో-సిట్రోయెన్ సంస్థలు ఉమ్మడిగా నెలకొల్పిన సెవెల్ కర్మాగారంలో, ఇటలీలోని అటెస్సా దగ్గర, 1981 నుంచి అది తయారైంది. ఫియట్ ముద్రతో డుకాటో, సిట్రోయెన్ ముద్రతో సీ25, పెజో ముద్రతో జే5, బ్రిటన్‌లో టాల్బట్ ఎక్స్‌ప్రెస్. పేర్లు వేరైనా బండి ఒకటే. ఇంజిన్ ముందు అడ్డంగా కూర్చుంటుంది, బండిని లాగేవి ముందు చక్రాలే. వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు లేదు గనుక నేల ఎత్తు తక్కువ. పడకలు, వంటగది, నీళ్ల ట్యాంకు అమర్చే బాడీ బిల్డర్లకు అదే కావలసింది.

అయితే ఆ వ్యానును రూపొందించినవారి ముందున్నది సరుకుల రవాణా. సరుకుల బండి రోజూ స్టార్టవుతుంది. పొద్దున బరువెక్కి సాయంత్రానికి ఖాళీ అవుతుంది. మోటర్‌హోమ్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. నెలల తరబడి కదలకుండా నిలబడుతుంది, దాని మీది బరువు మాత్రం ఏనాడూ దిగదు. పాతబడిన మోటర్‌హోములో స్టార్టింగ్ చిక్కులూ సస్పెన్షన్ చిక్కులూ చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కి వేడెక్కిస్తుంది, ఆ గాలిలోకి ఇంజెక్టర్ డీజిల్‌ను చిమ్ముతుంది, డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. 1890ల్లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నిలబెట్టిన పద్ధతి ఇదే. వేడే దీనికి నిప్పు కాబట్టి చలి దీనికి శత్రువు. చల్లటి లోహం గాలిలోని వేడిని పీల్చేస్తుంది, చిక్కబడిన ఆయిల్ క్రాంకును తేలిగ్గా తిరగనివ్వదు, బలం తగ్గిన బ్యాటరీ సెల్ఫ్ మోటారును ఈడ్చుకుంటూ తిప్పుతుంది. ఎంత నెమ్మదిగా తిరిగితే అంత నష్టం. రింగుల పక్కనుంచి గాలి జారిపోవడానికీ, వేడి సిలిండరు గోడల్లోకి ఇంకిపోవడానికీ అంతంత వ్యవధి దొరుకుతుంది. సిలిండర్లు అరిగిన ఇంజిన్ ఎండాకాలంలో ఒక్క తిప్పుకే అందుకుని, చలికాలంలో మొరాయించడానికి కారణం ఇదే.

ఆ వ్యానుల్లో వచ్చిన డీజిల్ ఇంజిన్లలో రెండింటిని పక్కపక్కన పెడితే స్టార్టింగ్ సహాయాల కథ సగం తెలిసిపోతుంది. ఒకటి పెజో వారి 1.9 లీటర్ల ఎక్స్‌యూడీ9. ఇందులో డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడదు, హెడ్‌లో ఉన్న చిన్న సుడి గదిలో పడి అక్కడ అంటుకుని కిందికి వస్తుంది. బెంజ్ సంస్థలో ప్రాస్పర్ లోరాంజ్ 1909లో పేటెంటు పొందిన ముందు గది ఈ వంశానికి మూలం. 1930ల మొదట్లో బ్రిటన్‌లో హ్యారీ రికార్డో రూపొందించిన ‘కామెట్’ సుడి గది దాని తర్వాతి మెట్టు. ఈ అమరికలో ఇంజిన్ మెత్తగా నడుస్తుంది, చప్పుడు తక్కువ. చిక్కల్లా ఆ చిన్న గది గోడలతోనే. గాలి కొంచెం, దాన్ని తాకే లోహం ఎక్కువ కావడంతో వేడి నిలవదు. కంప్రెషన్ నిష్పత్తిని 23 చుట్టుపక్కల ఉంచినా చల్లగా ఉన్నప్పుడు బయటి వేడి అందించక తప్పదు.

ఆ బయటి వేడి పేరే గ్లో ప్లగ్, మన మెకానిక్కుల మాటల్లో హీటర్ ప్లగ్. డీజిల్ అంబాసిడర్లు, పాత జీపులు నడిపినవారికి తాళం తిప్పి హీటర్ లైటు ఆరేదాకా ఆగడం పరిచయమే. సన్నటి ఉక్కు గొట్టంలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి మధ్య ఒక తీగ చుట్ట, అంతే దాని నిర్మాణం. 12 వోల్టుల కరెంటు పారితే కొన ఎర్రగా కాలి 800 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చిమ్మిన డీజిల్ ఆ కొన దగ్గర అంటుకుంటుంది. సిలిండర్‌కు ఒక ప్లగ్ ఉంటుంది. ఒకటి కాలిపోతే ఇంజిన్ కుంటుతూ స్టార్టయి, కాసేపు తెల్లటి పొగ వదిలి, తర్వాత సర్దుకుంటుంది. ఆ తెల్లటి పొగ మండని డీజిల్ ఆవిరి. రెండో మూడో పోతే చలిలో ఆశ వదులుకోవలసిందే. ప్లగ్గులను కలిపే పట్టీ విప్పి ఒక్కోదాని రెసిస్టెన్సు విడిగా కొలిస్తే నిజం తేలుతుంది. మంచి ప్లగ్ ఒక ఓం అటూఇటూగా చూపిస్తుంది, కాలిపోయినదానికి మీటరు అసలు చలించదు. నాలుగూ ఒకేసారి పనిచేయకపోతే తప్పు సాధారణంగా ప్లగ్గులది కాదు, వాటికి కరెంటు పంపే రిలేది లేదా ఫ్యూజుది. హెడ్‌లో బిగుసుకుపోయిన పాత ప్లగ్గును చల్లటి ఇంజిన్ మీద బలవంతంగా తిప్పడం పెద్ద ఖర్చును పిలవడమే. విరిగిన కొన లోపల పడితే హెడ్ దించాలి.

రెండో ఇంజిన్ 2.5 లీటర్ల సోఫిమ్. ఇది ఇటలీలోని ఫోజాలో తయారైనది. డీజిల్ నేరుగా పిస్టన్ నెత్తిన ఉన్న గుంటలో పడుతుంది. వేడిని పీల్చే గోడలు తక్కువ కనుక నిష్పత్తి 18 చుట్టుపక్కల ఉన్నా చాలు, ఓ మోస్తరు చలిలో ఏ సాయమూ లేకుండానే లేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఈ బండి కొన్నవారు హీటర్ ప్లగ్గుల కోసం హెడ్ చుట్టూ వెతికి కనపడక బిత్తరపోవడం అరుదేమీ కాదు. అవి ఉండవు. వాటి స్థానంలో గాలి లోపలికి వచ్చే మానిఫోల్డ్ మీద ఒకే ఒక పరికరం ఉంటుంది, దాన్ని థర్మోస్టార్ట్ అంటారు.

థర్మోస్టార్ట్ నిజానికి ఒక బుల్లి డీజిల్ పొయ్యి. ఇదే సూత్రంతో పనిచేసే పరికరం పెర్కిన్స్ ఇంజిన్లున్న మాసే ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీద ఎప్పటినుంచో ఉంది. దాని సాదా రూపంలో కరెంటు ఇవ్వగానే తీగ చుట్ట కాలుతుంది. ఆ వేడికి వాల్వు గొట్టం సాగి లోపలి గుండు వదులై దారి తెరుచుకుంటుంది, చిన్న డబ్బాలోంచి డీజిల్ చుక్కలుగా ఎర్రటి చుట్ట మీదికి జారుతుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే లోపలికి దూసుకొచ్చే గాలి ఆ డీజిల్‌ను మంటగా లేపి, ఆ మంటలో తానూ వేడెక్కి సిలిండర్లలోకి పోతుంది. తర్వాతి నమూనాల్లో డీజిల్‌ను వదిలే పని సోలినాయిడ్ వాల్వు చేస్తుంది, ఎప్పుడు వదలాలో ఇంజిన్ వేడిని చూసి చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. ఇది పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం కాలిన తీగ కాదు, డీజిల్ రాకపోవడం. సన్నటి గొట్టం మూసుకుపోతుంది, లేదా డబ్బా ఎండిపోతుంది. పదిహేను ఇరవై సెకన్లు స్విచ్ వేసి ఉంచి పరికరం ఒంటిని తాకి చూస్తే వేడి తెలియాలి. వేడి ఉండి మంట లేకపోతే డీజిల్ అందడం లేదన్నమాట. దీనికి ఎదురైన జబ్బు, వాల్వు సరిగా మూసుకోక బండి నడుస్తున్నప్పుడు కూడా డీజిల్ కారుతూ ఉండటం.

స్టార్టింగ్ స్ప్రేగా అమ్మే ఈథర్ సంగతి వేరే చెప్పాలి. కాలుతున్న హీటర్ ప్లగ్ లేదా థర్మోస్టార్ట్ ఉన్న ఇంజిన్‌లోకి దాన్ని కొడితే పిస్టన్ పైకి రాకముందే అది పేలవచ్చు. రింగులు, ఒక్కోసారి పిస్టన్లే విరుగుతాయి. మానిఫోల్డ్ నుంచి మంట వెనక్కి ఎగదన్నవచ్చు కూడా. ఈ బండ్లలో అది వాడకూడని వస్తువు.

నిందంతా హీటర్ల మీదే వేయడం కూడా తప్పు. నిలిపి ఉంచిన బండిలో ముందు చూడవలసినది బ్యాటరీ. మైనస్ 18 డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ సెల్ఫ్‌కు ఇవ్వగల శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. తుప్పు పట్టిన ఎర్త్ పట్టీ మిగిలిన దానిలోనూ వాటా తింటుంది. మోటర్‌హోములో లైట్లకూ ఫ్రిజ్‌కూ వేరే బ్యాటరీ ఉంటుంది, దాన్ని సెల్ఫ్ తిప్పే పని కోసం తయారు చేయలేదు. రెండోది డీజిల్ దారి. నెలలు కదలని బండిలో గట్టిపడిన రబ్బరు గొట్టాల జాయింట్ల దగ్గర గాలి చొరబడి డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. అప్పుడు హీటర్లు ఎంత కాలినా మండటానికి ఏమీ ఉండదు. చేతి పంపు కొట్టి ఎయిర్ తీసిన తర్వాత ఇంజిన్ మామూలుగా లేస్తే చికిత్స గొట్టాలకు కావాలి.

ఇక సస్పెన్షన్. ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, కాయిల్ స్ప్రింగులు. వెనక గట్టి ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు. సరుకుల బండికి కమాన్లు మంచి ఎంపికే. చవక, ఇరుసును పట్టి ఉంచే పని కూడా అవే చేస్తాయి. కాకపోతే ఎప్పుడూ నిండు బరువు కింద ఉండే కమాను ఏళ్లు గడిచేకొద్దీ వంపు పోగొట్టుకుని బల్లపరుపుగా మారుతుంది. అప్పుడు బండి వెనక భాగం కుంగి, ఛాసిస్ కింద ఉండే రబ్బరు దిమ్మ ఇరుసును దాదాపు ఎప్పుడూ తాకుతూ ఉంటుంది. ప్రతి గుంతా నేరుగా బాడీలోకి దిగుతుంది. లోపల అలమారాల మరలు వదులవడం దీని ఫలితమే.

దీనికి తోడు వెనక ఇరుసు దాటి పొడుచుకొచ్చే బాడీ. ఇక్కడ బరువు ఏతాం లాగా పనిచేస్తుంది. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు ఉన్న బండికి, వెనక ఇరుసుకు మీటరున్నర అవతల 100 కిలోల చిన్న స్కూటర్ కట్టారనుకుంటే, వెనక ఇరుసు మీద పెరిగేది 100 కాదు, 150 కిలోలు. ఆ అదనపు 50 కిలోలు ముందు చక్రాల మీదినుంచి లేచినవి. ముందు చక్రాలే లాగే బండిలో దీని అర్థం తడి గడ్డి మీద చక్రం జారడం, వేగంలో స్టీరింగ్ తేలిపోవడం. బరువును ఇరుసుల మధ్యకు జరపడం కన్నా మంచి సస్పెన్షన్ మరమ్మతు లేదు, ఖర్చూ లేదు.

కుంగిన వెనక భాగానికి రెండు మందులున్నాయి. ఒకటి కమాన్ కట్టలు మార్చడం లేదా మళ్లీ వంపు తీయించి ఒక పట్టీ చేర్చడం. రెండోది రబ్బరు దిమ్మ స్థానంలో గాలి బెలూన్లు పెట్టడం. కుడి ఎడమ బెలూన్లలో గాలిని విడివిడిగా సర్దుకోవచ్చు కాబట్టి ఒక పక్కకు ఒరిగే బండికి ఇవి బాగా పనికొస్తాయి. షాక్ అబ్సార్బర్లు అరిగిపోయి ఉంటే ఈ రెండూ ఊగుడును ఆపలేవు. కొన్ని మోటర్‌హోములకు వ్యాను వెనక ఛాసిస్‌ను కోసి జర్మనీకి చెందిన ఆల్-కో ఛాసిస్ బిగించారు. వాటిలో కమాన్లు ఉండవు. ఇరుసు గొట్టంలోని ఉక్కు టార్షన్ బార్లు మెలికపడి బరువును మోస్తాయి. పాత ఆల్-కో ఇరుసులకు గ్రీజు నిపిళ్లు ఉంటాయి, వాటికి క్రమం తప్పక గ్రీజు పట్టించాలి. అవి ఉన్నాయని తెలియని యజమానుల చేతుల్లోనే ఎక్కువ ఇరుసులు పాడయ్యాయి.

వెనక భాగాన్ని ఎత్తినప్పుడు చాలామంది మరిచే భాగం ఒకటుంది. ఛాసిస్‌కూ వెనక ఇరుసుకూ మధ్య ఒక కమ్మీతో కలిపిన బ్రేక్ వాల్వు అది. బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుకు ఎంత ఒత్తిడి ఇవ్వాలో అదే నిర్ణయిస్తుంది. కొత్త కమాన్లు వేసినా గాలి బెలూన్లు పెట్టినా బండి పైకి లేస్తుంది. అది చూసి వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని నిండు బరువు మీద కూడా వెనక బ్రేకు తగ్గిస్తుంది. సస్పెన్షన్ ముట్టుకున్నాక ఈ వాల్వును మళ్లీ సర్దించకుండా రోడ్డెక్కకూడదు.

ఏ మరమ్మతుకైనా ముందు నీళ్లు, గ్యాసు, సామాను, మనుషులతో సహా బండిని వే బ్రిడ్జి మీద ఇరుసు ఇరుసుకూ విడిగా తూయించి, ఆ అంకెలను బండి మీది తయారీదారు పలకతో పోల్చాలి. గాలి బెలూన్లు బండిని నిటారుగా నిలబెడతాయి గానీ, ఆ పలక మీద రాసిన ఇరుసు పరిమితిని ఒక్క కిలో కూడా పెంచవు.