మరుభూమిలో ఎన్నదగిన అయిదు విశేషములు



ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను నేను. క్రిందటి శీతకాలమున పదునైదు దినములు రాజస్థాన రాష్ట్రమున తిరిగి వచ్చితిని. వచ్చిన మరునాడే మా మనుమడు కాగితమును కలమును తెచ్చి నా యెదుట కూర్చుండి, "తాతయ్యా! అక్కడ అన్నిటికన్న గొప్పవి అయిదు చెప్పండి. అయిదే వ్రాయమన్నారు" అనెను. ప్రశ్న చిన్నదే కాని, సమాధానమునకు నాకు రెండు దినములు పట్టినది. ఆ రెండు దినముల ఆలోచనయే నేటి నా ప్రసంగము.

గొప్పవాటిని ఎన్నుటకు ముందు గొప్పతనమునకు కొలత యేదో నిర్ణయించుకొనవలెను. ఎత్తే కొలత యైనచో ఆబూ పర్వతమందలి 1722 మీటర్ల గురుశిఖరమును ఎన్నవలెను. శౌర్యమైనచో చిత్తోడుగఢము, శిల్పమైనచో 1031 నాటి విమలవసహి మొదలైన దిల్వాడా జైనాలయములు. ఇవి యన్నియు గొప్పవే. కాని కొండలును, కోటలును, చలువరాతి శిల్పములును ఇతర దేశములందును కలవు. మరుభూమికి మరుభూమియే కొలత కావలెను. నీరు లేనిచోట ప్రకృతి యేమి చేసినది, మనుష్యుడేమి చేసినాడు అనునదియే నేను గైకొన్న కొలత.

రాజస్థానము వైశాల్యమున మన దేశమందలి రాష్ట్రములలో మొదటిది. దాని విస్తీర్ణము 3,42,239 చదరపు కిలోమీటర్లు. ఆరావళీ పర్వతములు దానిని నైరృతి నుండి ఈశాన్యమునకు ఏటవాలుగా ఖండించుచున్నవి. అరేబియా సముద్రమునుండి వచ్చు వానగాలి ఈ కొండలకు అడ్డముగా తగులక, వాటి వెంబడియే సాగిపోవును. అందుచేత కొండలకు పడమట వాన అత్యల్పము. జైసల్మేరు ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 200 మిల్లీమీటర్లే కురియును. మన కోస్తా జిల్లాలలో అంతకు నాలుగైదు రెట్లు కురియును. తూర్పుభాగము ఎడారి కాకున్నను, అచ్చటను నీటికి ఎద్దడియే.

నా పట్టికలో మొదటిది జైసల్మేరునకు సమీపముననున్న ఆకల్ అను చోటు. చూచుటకు అది బోడికొండ. ఆ నేలపై పెద్ద పెద్ద మ్రాకులు పడియున్నవి. చేతితో తాకితిని, అది కొయ్య కాదు, రాయి. సుమారు పదునెనిమిది కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ ప్రదేశము వెచ్చని, తడిగల దట్టమైన అరణ్యము. కూలిన వృక్షములు మట్టిలో పూడిపోగా, కొయ్యలోనికి ఖనిజములు చొచ్చి, యుగములు గడచుకొలది దానిని శిలగా మార్చినవి. ఎడారి యనగా ఆదినుండియు ఎడారి యని భ్రమపడువారికి ఈ రాతిమ్రాకులే సమాధానము. పచ్చదనము ఏ నేలకును శాశ్వతమైన హక్కు కాదు.

రెండవది జయపురమునకు తూర్పున, దౌసా జిల్లాలోని ఆభానేరి గ్రామమందలి చాంద్ బావడి. దీనిని మన భాషలో దిగుడుబావి యనవచ్చును. కాని మన యూళ్ల దిగుడుబావులను తలచుకొని వెళ్లినవాడు దీనిని చూచి నిర్ఘాంతపోవును. క్రీస్తుశకము ఎనిమిది తొమ్మిది శతాబ్దుల నాటిది. పదుమూడు అంతస్తులు, సుమారు 3500 మెట్లు. మూడు వైపుల మెట్లు జంటలు జంటలుగా క్రిందికి దిగుచు, పోనుపోను బావి ఇరుకగును. నాలుగవ వైపున మంటపములు కలవు. వానకాలమున నీరు పైకి వచ్చినప్పుడు పై మెట్లు చాలును. వేసవిలో నీరెంత క్రిందికి పోయిన, మనుష్యుడంత క్రిందికి దిగి ముంచుకొనును. నీటిని తనకడకు రమ్మనక, తానే నీటికడకు పోవుట ఇందలి వివేకము.

మూడవదానికి నీటితో సంబంధ మేమని మీరు ప్రశ్నింపవచ్చును. అది జయపురమందలి యంత్రమందిరము. జంతర్ మంతర్ అని ప్రసిద్ధము. మేఘములు తక్కువగుటచే ఆ ప్రాంతపు ఆకాశము సంవత్సరమున అధికభాగము నిర్మలముగా నుండును. నీటికి అది లోపము. జ్యోతిషమునకు అదియే వరము. 1727లో జయపురమును నిర్మింపనారంభించిన సవాయి జయసింగు మహారాజు ఢిల్లీ, ఉజ్జయిని, కాశి, మథురలందును ఇట్టి యంత్రములను కట్టించెను. జయపురమున పందొమ్మిది యంత్రములు కలవు. వానిలో సమ్రాట్ యంత్రము సుమారు 27 మీటర్ల యెత్తుగల నీడగడియారము. దాని ఏటవాలు గోడ ధ్రువనక్షత్రమువైపు చూచుచుండును. ఇరుప్రక్కల వంపుగోడలపై నీడ కదలుచుండును. రెండు సెకనుల భేదమును గూడ గుర్తింపగల విభాగములు అందు గీయబడియున్నవి. నీడ చూపు కాలమునకును నా చేతిగడియారమునకును సుమారు అరగంట భేదము కనబడెను. తప్పు రెండింటియందును లేదు. యంత్రము జయపురపు సూర్యుని చెప్పును. మన గడియారము 82½ డిగ్రీల తూర్పురేఖాంశపు కాలమును చెప్పును. ఆ రేఖ మన కాకినాడ ప్రాంతమున పోవుచున్నది.

నాలుగవది 1156లో రావల్ జైసల్ స్థాపించిన జైసల్మేరు కోట. పసుపుపచ్చని ఇసుకరాతి కోట సాయంకాలపు టెండలో బంగారమువలె మెరయును. దాని అందముకంటె అందలి కాపురములు నన్ను ఆకర్షించినవి. నేటికిని ఆ గోడలలోపల వేలకొలది జనులు నివసించుచున్నారు. అయినను ఈ కోటకు శత్రువు చేయలేని కీడును నీరు చేసినది. పూర్వము స్త్రీలు కోటవెలుపలి గడీసర్ చెరువునుండి బిందెలతో నీరు మోసి తెచ్చుకొనెడివారు. మోసి తెచ్చిన నీటిని ఎవరును వృథా చేయరు. కుళాయిలు వచ్చి, యాత్రికుల వసతిగృహములు పెరిగిన పిమ్మట, వాడి విడిచిన నీరు కొండలోని మెత్తని రాతిపొరలలోనికి ఇంకి పునాదులను కదల్చినది; గోడలు కొన్నిచోట్ల కూలినవి. 2013లో యునెస్కో ఈ కోటను ప్రపంచవారసత్వముగా గుర్తించినది. గుర్తింపు గోడను నిలుపదు. మురుగునీటికి దారి కల్పించుటయే దానిని నిలుపును.

అయిదవది కట్టడము కాదు, కొండ కాదు, ఒక చెట్టు. అచ్చట దానిని ఖేజ్డీ అందురు. మొదట గుర్తింపలేదు, దగ్గరకు పోయి ఆకును పరికించితిని. అది మన జమ్మి! పాండవులు అజ్ఞాతవాసమునకు ముందు ఆయుధములను దాచిన శమీవృక్షము. విజయదశమినాడు మనము ప్రదక్షిణము చేయునట్టిది. నేడు తెలంగాణ రాష్ట్రవృక్షము. రాజస్థానమునకును ఇదియే రాష్ట్రవృక్షము. వేళ్లు చాల లోతునకు పోవుటచే, నడివేసవిలో సర్వము మాడినను జమ్మి పచ్చగానే యుండును. ఆకు మేకలకును ఒంటెలకును మేత. కాయ, సాంగ్రీ యను పేరుతో, మనుష్యులకు కూర. దాని నీడన సజ్జపైరు చక్కగా పండును.

1730లో జోధ్‌పురము దగ్గరనున్న ఖేజడ్లీ గ్రామమునకు రాజభటులు గొడ్డళ్లతో వచ్చిరి. కోటలో క్రొత్త భవనమునకు సున్నము కాల్చుటకై వంటచెరకు కావలసియుండెను. అమృతాదేవి యను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని ప్రాణము విడిచెను. ఆమె కుమార్తెలు ముగ్గురు ఆమెను అనుసరించిరి. చుట్టుప్రక్కల గ్రామములవారు వచ్చి అట్లే చేయగా, మొత్తము 363 మంది మరణించిరి. అప్పుడుగాని మహారాజు నరకుడు మాన్పింపలేదు. ఇటీవల బికనీరు ప్రాంతమున సౌరవిద్యుత్కేంద్రములకై ఈ చెట్లను కొట్టివేయుచున్నారని ప్రజలు ఆందోళన చేసిరి. కొట్టువాని అవసరము మారినది; చెట్టు మారలేదు.

ఇంతవరకు చెప్పగా మా మనుమడు అయిదు గీతలును నింపి, తల యెత్తి, "మరి మన ఊరి జమ్మిచెట్టు ఎక్కడున్నది తాతయ్యా?" అని అడిగెను. నేను తల వంచుకొంటిని. మా యూరి గుడివెనుక జమ్మిని బాట వెడల్పు చేయుటకై కొట్టివేసినప్పుడు నేను అచ్చటనే నిలిచియుంటిని. ఒక్క మాట యనలేదు. ఏటేట దసరాకు ఎచ్చటనుండియో నరికి తెచ్చిన కొమ్మను నేలలో పాతి, దానిచుట్టు తిరుగుచు శ్లోకము చదువుచున్నాను.

శ్రోతలారా! విశేషముల నెన్నుట కాలక్షేపము కాదని నాకప్పుడు తెలిసినది. దేనిని ఎన్నుదుమో దానిని కాపాడుదుమని మాట యిచ్చినట్లే. ఈ తొలకరికి మా గుడివెనుక ఒక జమ్మిమొక్కను నాటి కంచె కట్టితిమి. నీరు పోయుట మా మనుమని వంతు. మీ యూరి జమ్మి వేళ్లతో నున్నదో, కొమ్మగా పాతబడినదో, రాబోవు దసరాకు ముందే ఒకసారి పోయి చూచి రండు.

సెలవు.