ఆ ఒక్క ఊరికే చీకటి

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తుంది. చింతకొమ్మ విరిగి 11 కేవీ లైను మీద పడుతుంది. ఇంట్లో ఫ్యాన్ ఆగిపోతుంది. డాబా ఎక్కి చూస్తే పక్క ఊళ్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ‘మనకే పోయింది’ అని విసుక్కుంటాం. మనకి మాత్రమే పోవడం వెనక ఎంతో లెక్క ఉంది. ఆ లెక్క చూసేది సబ్‌స్టేషన్‌లోని ఓవర్ కరెంట్ రిలే.

కొమ్మ బరువుకి రెండు తీగలు తగులుకున్నాయంటే, 150 ఆంపియర్లు పారే చోట 2000 పారవచ్చు. కరెంటు పది రెట్లయితే తీగలో పుట్టే వేడి వంద రెట్లవుతుంది. అంత కరెంటు నేరుగా రిలేలోకి వెళితే అదే కాలిపోతుంది. అందుకే మధ్యలో సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, ఉంటుంది. 400కి 1 చొప్పున తగ్గించే సీటీ అయితే ఆ 2000 రిలే దగ్గరికి 5 ఆంపియర్లుగా చేరుతుంది. లైను తెంచే పని బ్రేకర్‌ది, రిలే దానికి ఆజ్ఞ మాత్రం ఇస్తుంది. ఆ ఆజ్ఞ నడిచేది బ్యాటరీ కరెంటు మీద. లైనులో ఫాల్ట్ వచ్చిన క్షణాన వోల్టేజి కూడా కుంగిపోతుంది కాబట్టి, దాన్ని నమ్ముకోలేం.

పాత రిలే అద్దంలోంచి చూస్తే ఒక అల్యూమినియం చక్రం కనిపిస్తుంది. ఇళ్లలో ఒకప్పుడు మీటర్లో తిరిగిన పళ్లెం లాంటిదే. కరెంటు రిలేకి పెట్టిన హద్దు, అంటే పికప్, దాటేదాకా స్ప్రింగ్ దాన్ని కదలనివ్వదు. దాటాక మెల్లగా తిరుగుతుంది, పక్కనున్న అయస్కాంతం బ్రేకు వేస్తూ ఉంటుంది. కరెంటు ఎంత ఎక్కువైతే చక్రం అంత వేగంగా తిరిగి కాంటాక్టును తాకుతుంది. పికప్ 200 ఆంపియర్లు, టైమ్ సెట్టింగ్ 0.1 అనుకుంటే 400 ఆంపియర్లకు సుమారు 1 సెకను, 2000కు 0.3 సెకను పడుతుంది. ఇప్పటి డిజిటల్ రిలేల్లో చక్రం లేదు, కానీ చిప్‌లో ఇదే వంపును లెక్కగట్టి పెడతారు.

రిలే ఇలా కాసేపు ఆగడం ఎందుకంటే, పొలం మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. ఆటో స్టార్టర్లున్న ఊళ్లలో కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దానికే రిలే బెదిరిపోతే ఊరికి వెళ్లే లైను, అంటే ఫీడర్, నిలబడదు.

ఫీడర్ రిలేకన్నా పైనున్న, అన్ని ఫీడర్లనూ కాచే రిలే ఇంకో 0.3 సెకను దాకా ఓపిక పడుతుంది. ఆలోగా కింది బ్రేకర్ తెరుచుకోవాలి, దానిలో లేచే నిప్పుమెరుపు, అంటే ఆర్క్, ఆరాలి, పైరిలేలో ఊపు మీదున్న చక్రం నిలవాలి. ఈ కాసింత వ్యవధి సరిగ్గా కుదిరింది కాబట్టే పక్క ఊరికి దీపం మిగిలింది. ఆపరేటర్ ప్యానెల్ దగ్గరికి వచ్చి రిలే మీద ఏ ఫేజు గుర్తు, అంటే ఫ్లాగ్, పడిందో చూసి, లాగ్‌బుక్‌లో రాసి, లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాడు.

సెట్టింగ్ తప్పితే ఏమవుతుందో 1965 నవంబర్ 9న తెలిసింది. కెనడాలో నయాగరా దగ్గరి సర్ ఆడమ్ బెక్ కేంద్రం నుంచి వెళ్లే ఐదు లైన్లలో ఒకదాన్ని రిలే తెంచేసింది. లైనులో ఏ లోపమూ లేదు. అప్పటికి రెండేళ్ల ముందు పెట్టిన సెట్టింగ్‌ని పెరిగిన లోడు దాటింది, అంతే. దాని బరువు మీద పడి మిగతా నాలుగూ సెకన్లలో వరసగా పడిపోయాయి. న్యూయార్క్ నగరంతో సహా 3 కోట్ల మంది చీకట్లో చిక్కుకున్నారు. లోడు పెరిగిన ప్రతిసారీ సెట్టింగులు తిరిగి చూడాలని ఇంజినీర్లు పట్టుబట్టేది ఇందుకే.

రిలేకి కనిపించని ఫాల్ట్ ఒకటుంది. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే. తీగ తెగి పొడినేల మీదో ఇసుకలోనో పడితే భూమిలోకి పారే కరెంటు కొద్ది ఆంపియర్లే కావచ్చు. ఓవర్ కరెంట్ రిలేకి అది ఇంకో మోటారు ఆడుతున్నట్టే ఉంటుంది. మూడు ఫేజుల తేడాని పట్టే ఎర్త్ ఫాల్ట్ రిలే కూడా కొన్నిసార్లు దాన్ని అందుకోలేదు. ఫీడర్ ట్రిప్ కాదు. ఊళ్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, గట్టు మీద పడిన తీగలో 11 కేవీ అలాగే ఉంటుంది. అలాంటి తీగ కనిపిస్తే దూరంగా నిలబడి, పశువుల్నీ పిల్లల్నీ అటు వెళ్లనివ్వకుండా ఆపి, 1912కి ఫోన్ చేయాలి. లైన్‌మన్ వచ్చి లైను ఆపించి, ఎర్తింగ్ చేసేదాకా ఆ తీగ బతికే ఉంది.