పానశాలలో రాజ్యాంగం

ఢిల్లీ విమానాశ్రయంలో 2010లో ప్రారంభమైన మూడవ టెర్మినల్‌లో తనిఖీలన్నీ ముగిసిన తరువాత ప్రయాణికునికి మిగిలేది నిరీక్షణే. విమానం ఆలస్యమైన ఒక సాయంకాలం ఆ నిరీక్షణను నేను అక్కడి పానశాలలో గడిపాను. నాసిక్ నేలలో పండిన ఫ్రెంచి జాతి ద్రాక్షతో చేసిన తెల్లవైను చల్లగా వచ్చింది. వెంట చిన్న పళ్లాలలో పనీరు టిక్కా, కారం పట్టించిన జీడిపప్పు, ఉప్పునీట ఊరిన ఆలివ్ కాయలు. దోరజామ వాసన లీలగా తగిలే ఆ వైను పులుపు జీడిపప్పు కారానికి చక్కగా జోడు కుదిరింది. తీరికగా ఆస్వాదించవలసిన పానీయమది. దేశీయ విమానాలలో మద్యం వడ్డించరు కనుక, ఆ తీరిక ఏదో ఇక్కడే చూసుకోవాలి.

తరువాత బిల్లు వచ్చింది. పళ్లాలలోని తినుబండారాలకు జీఎస్టీ. గ్లాసులోని వైనుకు ఢిల్లీ ప్రభుత్వపు విలువ ఆధారిత పన్ను. 2017లో దేశమంతటినీ ఒకే పన్ను కిందికి తెచ్చామని చాటినవారు తాగే మద్యాన్ని మాత్రం రాష్ట్రాలకే వదిలివేశారు. ఏ రాష్ట్రమూ ఆ పాడియావును వదులుకోదని వారికి తెలుసు.

మద్యపాన నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణం నిర్దేశిస్తున్నది. అదే రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మద్యంపై అధికారాన్నీ, సుంకాన్నీ రాష్ట్రాల చేతిలో పెట్టింది. ఒకటి ధర్మోపదేశం, రెండవది బొక్కసం. పానశాల ఎదుటి ప్రకటన పలకపై అహ్మదాబాదు, పాట్నా విమానాల వేళలు కనిపిస్తాయి. గుజరాత్ 1960లో ఏర్పడిన నాటినుంచీ నిషేధ రాష్ట్రం. బీహారు 2016లో ఆ బాట పట్టింది. ఇక్కడ పన్ను కట్టి పుచ్చుకున్న గ్లాసు అక్కడ నేరమవుతుంది.

ఈ వింతకు నవ్వి ఊరుకోవడం తెలుగువారికి సాధ్యం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని ఎదిరించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. సారా పాటలు ఆగిపోయాయి. 1993లో సారా, 1995లో మద్యమంతా ఆంధ్రప్రదేశ్‌లో నిషిద్ధమయ్యాయి. 1997లో నిషేధం సడలింది. ధర్మోపదేశంపై బొక్కసానిదే పైచేయి అయింది.

వైను పట్ల మాత్రం ప్రభుత్వాలు ఉదారంగానే ఉండగలవు. స్థానిక ద్రాక్షతో చేసిన వైనుకు మహారాష్ట్ర 2001లో ఎక్సయిజు సుంకం మినహాయించింది. ద్రాక్ష రైతుకు మేలు జరిగితే సంతోషమే. అయితే తాగేవారిలో ఎవరు ఏమి పోగొట్టుకుంటున్నారన్న విచారణ ఏ ఎక్సయిజు విధానంలోనూ ప్రధానం కాలేదు.

దూబగుంట స్త్రీలు కోరింది కూలిడబ్బు ఇల్లు చేరాలని. విమానాశ్రయంలో నేను చెల్లించింది ఒక సాయంకాలపు సరదాకు వెల. పల్లెలో కూలీ చెల్లించేది పిల్లల అన్నం. ఖజానా లెక్కలో రెండూ ఒకే పద్దు. ఆ పద్దును విడదీసి శాసనసభ ముందుంచగల ఆర్థికమంత్రి కోసం 47వ అధికరణం 1950 నుంచి నిరీక్షిస్తున్నది.