వృద్ధుల మూత్రవ్యాధి: పుస్తకములో ఏమి వ్రాయవలెను?

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, బందరు, గుడివాడ, దివిసీమలలో వృద్ధులు పలువురు ఆశ్రమములలోనో, జీతమునకు కుదిర్చిన మనిషి సంరక్షణలోనో కాలము గడుపుచున్నారు. అట్టి చోట్ల ప్రతి వ్యక్తికిని ఒక ఆరోగ్య పుస్తకము ఉండవలెను. అందు తేలికగా పొరపాటు దొర్లు మాట “మూత్రనాళ ఇన్‌ఫెక్షను”.

ఈ పొరపాటు రెండు వైపుల నుండి వచ్చును. మామ్మగారు మంట యనగానే “వేడి చేసినది” అని బార్లీ నీళ్ళు, మజ్జిగ ఇచ్చి ఊరకుందురు. పుస్తకములో ఒక్క ముక్కయు వ్రాయరు. ఇన్‌ఫెక్షను మూత్రపిండముల కెక్కి, చలిజ్వరము వచ్చిన పిదప ఎన్నడు మొదలైనదో చెప్పగలవా రుండరు. మరియొక వైపున, మూత్రము పచ్చబడి వాసన వేసినంతనే వ్యాధి పేరు వ్రాసి మందు మొదలిడుదురు. రాత్రివేళ లేవవలసి వచ్చునను జంకుతో వృద్ధులు నీరు తగ్గింతురు. మన కోస్తా ఎండలలో అట్టివారి మూత్రము చిక్కబడుట వింత కాదు. అది దాహమునకు గుర్తు, అంతే.

ఇందు అసలు చిక్కు వేరొకటి కలదు. దీర్ఘకాలము సంరక్షణాలయములలో నివసించు స్త్రీలలో నూటికి 25 నుండి 50 మందికి, పురుషులలో 15 నుండి 40 మందికి ఏ బాధయు లేకుండగనే మూత్రములో సూక్ష్మజీవులు కనబడునని వైద్య పరిశోధనలు తెల్పుచున్నవి. కాథెటరు అను గొట్టము నెల దినములు అమర్చి యున్నచో ఇంచుమించు అందరిలోను కనబడును. బాధ లేనివారికి మందిచ్చిన మేలు లేదు సరికదా, విరేచనములు పట్టుకొనుట, సూక్ష్మజీవులు మందునకు లొంగక మొండికెత్తుట సంభవించును. కనుక ప్రయోగశాల చీటీ ఒక్కటే సాక్ష్యము కాజాలదు.

కెనడా వైద్యురాలు మెక్‌గియర్, ఆమె సహచరులు 1991లో దీనికొక కొలబద్ద ఏర్పరచిరి. 2012లో అది సవరింపబడినది. లక్షణములును, కల్చరు పరీక్షయు రెండును కుదిరిననే ఇన్‌ఫెక్షను అని లెక్కింపవలెనని దాని సారాంశము. అమెరికా సంరక్షణాలయముల ఫారములో ఈ వ్యాధికి గడచిన 30 దినములను పరిశీలింతురు. తక్కిన వ్యాధులకు 7 దినములే. మనకు ఆ ఫారముతో పని లేదు గాని, అందలి పద్ధతి రూళ్ళ నోటు పుస్తకమునకును చక్కగా సరిపోవును.

వ్యాధి పేరు వైద్యుడు వ్రాయును. చూచినది మనము వ్రాయవలెను. తేదీ, వేళ, జ్వరమెంత? వృద్ధులకు 100 డిగ్రీలే జ్వరము. మామూలుగా ఉండు వేడికంటె 2 డిగ్రీలు హెచ్చినను జ్వరమే. మూత్రము పోయునపుడు మంటయా? పొత్తికడుపునందో, నడుము ప్రక్కనో నొప్పియా? రక్తము పడినదా? పక్క తడుపుట క్రొత్తగా వచ్చినదా, ఏండ్లుగా ఉన్నదా? ఈ “క్రొత్తగా” అను మాట లేనిదే తక్కినది వైద్యునికి సగమే ఉపయోగపడును.

నిన్నటివరకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పూసగ్రుచ్చినట్లు చెప్పిన తాతగారు నేడు కోడలిని గుర్తింపకున్నచో, వెంటనే వైద్యునికి తెలుపవలెను. అయితే జ్వరమును, మూత్రబాధయు లేక మతి మాత్రమే తప్పినచో దానిని మూత్రవ్యాధి ఖాతాలో వేయరాదు. నీరు చాలకపోవుట, మలబద్ధకము, క్రొత్తగా ఇచ్చిన మాత్ర, రక్తములో చక్కెర తగ్గుట—ఇవియు కారణములు కావచ్చును.

కల్చరుకు మూత్రమును మందు మొదలు పెట్టక పూర్వమే, శుభ్రపరచిన పిదప, నడిమి ధార నుండి పట్టవలెను. గొట్టము చాలకాలముగా ఉన్నచో దానిని మార్చి క్రొత్త గొట్టము నుండి తీయవలెను; సంచిలోనిది పనికిరాదు. నాగాయలంక నుండి బందరుకు బస్సులో పంపు సీసా ఎండకు వెచ్చబడినచో దారిలోనే జీవులు వృద్ధిపొంది లెక్క తప్పును, మంచుపెట్టెలో పంపవలెను.

2014 నుండి హెచ్ 1 జాబితాలోని మందులను వైద్యుని చీటీపైననే అమ్మి, దుకాణదారుడు రిజిస్టరు ఉంచవలెనని నిబంధన కలదు. ఆ చీటీ నకలును మన పుస్తకమున అంటింపవలెను. రెండు మూడు దినములకు కల్చరు ఫలితము వచ్చును. జీవులు పెరుగలేదని వచ్చినచో వైద్యునికి చూపి, మందు ఆపవలెనా యని అడిగి, మొదట వ్రాసిన “ఇన్‌ఫెక్షను” అను మాట ప్రక్కనే “కాదని తేలినది” అని తేదీతో చేర్చవలెను.