తీగ మీద నడిచే అక్షరం

కశింకోట అనకాపల్లి జిల్లాలోని మండల కేంద్రం. శారదా నది పరీవాహక ప్రాంతంలోని ఈ నేల చెరకు పంటకు ప్రసిద్ధి. ఇక్కడి చెరకే బెల్లమై అనకాపల్లి మార్కెట్టుకు చేరుతుంది. చెరకు నీటిని ఎక్కువగా కోరే పంట. బోరుబావి మీద ఆధారపడిన రైతుకు త్రీఫేజ్ విద్యుత్తు వచ్చే వేళే నీరు పెట్టే వేళ. ఆ వేళ అర్ధరాత్రి అయినప్పుడు చేతిలో టార్చిలైటుతో, గట్ల మీద తడి కాళ్లతో నడిచి వెళ్లి మోటారు మీట నొక్కవలసి వచ్చేది. పాముకాటుకు, విద్యుదాఘాతానికి ఆ నడకలో గురైన కుటుంబాలు ఆంధ్రదేశంలో ఎన్నో ఉన్నాయి.

ఈ నడకను తప్పించడానికి వచ్చినదే మొబైల్ స్టార్టరు. ఇంటి నుండి ఫోను చేస్తే పొలంలో మోటారు తిరుగుతుంది. ఆ పెట్టె మూత తీసి చూస్తే లోపల ముఖ్యంగా రెండు భాగాలు కనిపిస్తాయి. సెల్‌ఫోను సంకేతాన్ని అందుకునే మోడెము ఒకటి. ఆజ్ఞను గ్రహించి రిలేను కదిలించే మైక్రోకంట్రోలరు మరొకటి. ఈ రెండింటినీ కలిపేవి కొన్ని సన్నని తీగలు మాత్రమే. వాటి మీద మాట సరిగా నడవకపోతే పెట్టె ఎంత ఖరీదైనదైనా నిష్ప్రయోజనమే.

ఒక అక్షరాన్ని తీగ మీద పంపే విద్య కొత్తది కాదు. కశింకోట హౌరా - చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఉన్న ఊరు. విజయవాడ, కటకం పట్టణాలను కలిపే ఈ మార్గం 1893 - 1896 సంవత్సరాల మధ్య అంచెలంచెలుగా ప్రారంభమైంది. ఆ కాలపు రైలు మార్గాల వెంట తంతి తీగలు కూడా సాగేవి. తంతిలో అక్షరం మొత్తం ఒక్కసారిగా పోదు. చుక్కలు, గీతలు ఒకదాని వెనుక ఒకటిగా పోతాయి. అవతలి స్టేషనులోని ఉద్యోగి వాటిని చెవితో విని మళ్లీ అక్షరాలుగా కూర్చుకుంటాడు. 2013 జూలైలో భారతదేశంలో తంతి సేవ ముగిసింది గాని, అందులోని సూత్రం ముగియలేదు. దానినే నేడు సీరియల్ ప్రసారం అంటున్నారు. ఎనిమిది మంది కూలీలు చెరకు మోపులతో రోడ్డు మీద పక్కపక్కనే నడవగలరు. పొలం గట్టు మీద మాత్రం ఒకరి వెనుక ఒకరు నడవక తప్పదు. బైటులోని ఎనిమిది బిట్లు ఒకే తీగ మీద నడిచే తీరు ఇదే.

అయితే తంతి ఉద్యోగికి చెవి, బుద్ధి ఉన్నాయి. పంపేవాడు కొంత తొందరపడినా అతడు సర్దుకోగలడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. అందుచేత ఫ్రాన్సు దేశస్థుడైన ఎమిల్ బోదో 1870 దశకంలో ప్రతి అక్షరానికీ సమాన కాలపరిమితి గల ఐదు సంకేతాలను ఏర్పరచాడు. ప్రసార వేగానికి ‘బాడ్’ అనే ప్రమాణం ఆయన పేరు మీదుగానే వచ్చింది. మైక్రోకంట్రోలరు బోర్డుల మీద 9600 బాడ్ అంటే సెకనుకు 9600 బిట్లని అర్థం. ఒక్కొక్క బిట్టుకు దక్కే కాలం సుమారు 104 మైక్రోసెకన్లు.

తీగ ఖాళీగా ఉన్నప్పుడు దాని స్థాయి 1. అది 0కు దిగగానే అక్షరం వస్తున్నదని గుర్తు. ఇది స్టార్ట్ బిట్. తరువాత ఎనిమిది బిట్లు చిన్న స్థానం నుండి మొదలై వస్తాయి. చివర స్థాయి 1 గల స్టాప్ బిట్ వస్తుంది. రెండు చివరలకూ ఉమ్మడి గడియారం ఉండదు. ఎవరి గడియారాన్ని వారు నమ్ముకొని లెక్కించుకోవలసిందే. విద్యార్థులు ఎక్కువగా చిక్కుపడే చోటు ఇదే.

ఇంటెల్ సంస్థ 1980లో వెలువరించిన 8051 మైక్రోకంట్రోలరు ఎందరో తెలుగు విద్యార్థులకు ఈ విద్యలో తొలి గురువు. దాని పక్కన 11.0592 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని అమర్చడం ఆనవాయితీ. ఈ వింత సంఖ్య ఎందుకన్న ప్రశ్న సహజం. దానిని 12తో, ఆ ఫలితాన్ని 32తో, ఆపైన 3తో భాగిస్తే శేషం లేకుండా 9600 వస్తుంది. గుండు సంఖ్య కదా అని 12 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెడితే అదే లెక్కకు సుమారు 10,417 వస్తుంది. తేడా ఎనిమిదిన్నర శాతం. మొదటి ఐదు బిట్ల వరకు పొరపాటు బయటపడదు. ఆరవ బిట్టును చూడవలసిన క్షణంలో అవతలివైపు ఏడవది నడుస్తూ ఉంటుంది. ఇంగ్లీషు ‘ఎ’ అక్షరపు సంకేతం 65 బయలుదేరి, 161గా చేరుతుంది. తెర మీద వింత గుర్తులు కనిపించగానే బోర్డు చెడిపోయిందని పారవేసినవారు ఉన్నారు. నిజానికి బోర్డులో దోషం లేదు, దోషమంతా భాగహారంలోనిది.

తీగలు కలపడంలోనూ ఒక మెలిక ఉంది. ఒకరి నోరు మరొకరి చెవికి కలవాలి. అంటే ఒక బోర్డులో పంపే కొన ‘టి.ఎక్స్.’ అవతలి బోర్డులో అందుకునే కొన ‘ఆర్.ఎక్స్.’కు చేరాలి. రెండింటి గ్రౌండు తీగలూ కలవాలి. ఈ మూడవ తీగను మరిచిపోవడం చాలా సామాన్యం. స్థాయి ఎంతో కొలవడానికి రెండు వైపులా ఒకే ఆధారం లేకపోతే 1కీ 0కీ భేదం తెలియదు. వోల్టేజిని కూడా గమనించాలి. పాత కంప్యూటర్ల ఆర్.ఎస్. 232 ద్వారంలో 1ని ఋణ వోల్టేజితో, 0ను ధన వోల్టేజితో సూచించేవారు. దానిని 5 వోల్టుల బోర్డుకు నేరుగా కలిపితే చిప్పు కాలిపోయే ప్రమాదం ఉంది. నడుమ మ్యాక్స్ 232 వంటి చిప్పు ఉండవలసింది అందుకే. నేటి బోర్డులు చాలావరకు యు.ఎస్.బి. ద్వారా కలుస్తున్నందున ఈ బాధ తగ్గింది. కాని 3.3 వోల్టుల చిప్పును 5 వోల్టుల బోర్డుకు కలిపేటప్పుడు జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

మాట నడవనప్పుడు దోషాన్ని సగానికి సగం తగ్గించే పరీక్ష ఒకటి ఉంది. కంప్యూటరుకు కలిపిన యు.ఎస్.బి. - సీరియల్ అడాప్టరు టి.ఎక్స్., ఆర్.ఎక్స్. కొనలను చిన్న తీగతో కలిపి, తెర మీద ఏదైనా టైపు చేయాలి. టైపు చేసినదే తిరిగి వస్తే కంప్యూటరు, తీగ, డ్రైవరు బాగున్నట్లే. ఇక వెదకవలసింది బోర్డు వైపే.

మొబైల్ స్టార్టరులోని మోడెముకు పంపే తొలి పలకరింపు ‘ఎ.టి.’ అనే రెండక్షరాలు. 1981 నాటి హేయ్స్ మోడెము నుండి వచ్చిన సంప్రదాయమిది. ‘ఇటు గమనించు’ అని దాని భావం. మోడెము ‘ఓకే’ అని బదులివ్వాలి. బదులు రాకపోతే వేగం, తీగలు, గ్రౌండు చూసిన తరువాత విద్యుత్ సరఫరాను కూడా చూడాలి. ఇటువంటి జి.ఎస్.ఎం. మోడెములు సంకేతం పంపే క్షణంలో 2 ఆంపియర్ల వరకు లాగుతాయి. బలహీనమైన సరఫరా అయితే మోడెము మాట మధ్యలోనే ఆగి మళ్లీ మొదలవుతుంది.

‘ఓకే’ వచ్చిన తరువాతే మోటారు సంగతి. ప్రోగ్రాము రాసేవారు ఆజ్ఞ మొత్తం అక్షరం పొల్లుపోకుండా సరిపోలితేనే రిలేను కదిలించాలి. చెదిరిన ఒక బైటును ఆజ్ఞగా భ్రమిస్తే, మరమ్మతు కోసం మోటారు దగ్గర చేతులు పెట్టిన మనిషి ప్రాణానికే ముప్పు. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో కూడా మైక్రోకంట్రోలరు ముందే చూసుకోవాలి. ఒకటి లోపిస్తే మోటారు చుట్టలు కాలిపోతాయి. అన్నీ సరిపోయాకనే రిలే కదులుతుంది, బోరు నీరు చెరకు సాళ్లలోకి పారుతుంది. మోటారు నడుస్తున్నదన్న సమాచారం అవే తీగల మీద మోడెముకు చేరి, అక్కడి నుండి ఇంట్లో ఉన్న రైతు ఫోనుకు వస్తుంది.